పూల డబ్బా

గురవమ్మ వయసెంతని అడిగితే తిన్నగా చెప్పేది కాదు. "మా చెరువు అలుగు పారిన ఏడు నాకు పెండ్లయింది. లెక్క నువ్వే ఏసుకో" అనేది. ఆ అలుగు పారడం చూసినవాళ్ళు ఊళ్ళో తక్కువైపోయారు కాబట్టి లెక్క ఎవరికీ తేలేది కాదు. చంద్రగిరి పక్కనున్న ఆ పల్లెకు కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆమె కూలికి వెళ్ళని చేను లేదు, నోరు చేసుకోని మేస్త్రీ లేడు. శెనక్కాయలు పెరికింది, చెరకు నరికింది, మామిడికాయలు బుట్టలకెత్తింది. మాట పదును, చెయ్యి అంతకన్నా పదును. నిజాన్నే అవతలివాడు పారిపోయేలా చెప్పగలిగిన మనిషి కాబట్టి ఆమెకు అబద్ధాలతో పెద్దగా పని పడలేదు.

అలాంటి మనిషి ఒక అబద్ధం ఆడింది. అదీ ఊరిమీద ఎవరితోనో కాదు, తనను అత్తా అని నోరారా పిలిచే పిల్లతో.

ఆ సంగతి చెప్పాలంటే ముందు యదునందన్ కట్టిన ఇంటి సంగతి చెప్పాలి. తిరుపతిలో గుడి ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన ముకుందంగారి అబ్బాయి ఈ యదునందన్. తండ్రిలాగా ఆఫీసు కుర్చీలో కూర్చోకుండా, మామిడితోపుల పక్కన బీడుపడిన నేల కొని, ఇనప కమ్మీలు పాతి, వాటిమీద తెల్లటి ప్లాస్టిక్ కప్పి, ఒక ఊరేగింపు దూరేంత పెద్ద ఇల్లు లేపాడు. ఆయన దాన్ని పాలీహౌస్ అన్నాడు. ఊరు మాత్రం కవరిల్లు అంది. అదేం పెండ్లిపందిరో, లోపల ఎవరి పెండ్లో అని రచ్చబండ దగ్గర నవ్వుకున్నారు. ఆయన నొచ్చుకోలేదు. "ఇకమీదట కూరగాయలకు కాలం అనేదే ఉండదు. వాన రాలేదని ఆగేది లేదు, ఎండ కాసిందని వాడేది లేదు. సంవత్సరం పొడుగునా రోజూ ఇక్కడ్నుంచి వ్యాను బయల్దేరుతుంది. తిరుపతి హోటళ్ళకూ చెన్నై అంగళ్ళకూ రోజూ తాజా సరుకు. ముందు ముందు అందరూ ఇట్లనే పండిస్తారు, చూస్తూ ఉండండి" అని చెప్పేవాడు.

గురవమ్మకు ఆ మాట మింగుడు పడలేదు. ఆమె ఎరిగిన లోకంలో ప్రతి కూరకూ ఒక రాక, ఒక పోక ఉండేవి. చిక్కుడు చలితో వచ్చేది, చలితో పోయేది. తొలి కాపు ఇంటికి వచ్చిన రోజు పొయ్యి దగ్గర చిన్న పండగలా ఉండేది. ఏడాదంతా దొరికే కూర మీద ఎవరికైనా ఆశ ఏం ఉంటుంది అనుకుంది. అనుకుంటూనే పనికి చేరింది. నీడపట్టున పని, నెలనెలా జీతం, వాన పడకపోయినా పోని పని. మెట్టచేలల్లో వీపు కాల్చుకున్న మనిషికి ఇంతకన్నా ఏం కావాలి? పైగా ఆ పని ఆమె వేళ్ళకు ఇట్టే పట్టుబడింది. క్యాప్సికం మొక్కకు రెండే కొమ్మలు ఉంచి, మిగతా చిగుళ్ళన్నీ గోటితో గిల్లేయాలి. కొమ్మల్ని పైనుంచి వేలాడే దారాలకు చుట్టాలి. కొబ్బరిపొట్టు సంచుల్లో వేళ్ళూనిన ఆ మొక్కలు మనిషిని మించి ఎదిగి ఎర్రగా, పసుప్పచ్చగా కాస్తుంటే చూసి, "ఇదేం మాయబ్బా, మట్టి లేకుండా కాపు!" అని మొదట్లో రోజూ ఆశ్చర్యపోయేది. తర్వాత అలవాటైపోయింది.

అలవాటు కానిది ఒక్కటే. లోపలికి పోయే ముందు చెప్పులు విడిచి మందునీళ్ళలో కాళ్ళు ముంచాలి, పైన అంగీ తొడుక్కోవాలి, టోపీ పెట్టుకోవాలి. ఇదంతా సరే. తలలో పూలు మాత్రం ఉండకూడదు. చిత్తూరు నుంచి వచ్చే వ్యవసాయ నిపుణుడు భూతద్దం పెట్టి మరీ చూపించాడు. చామంతి పువ్వు విదిలిస్తే కాగితం మీద నూగు కన్నా చిన్న పురుగులు పాకాయి. తామర పురుగులట. బయట గాలీ వానా ఉన్నాయి కాబట్టి వాటి ఆటలు అంతగా సాగవు. ఈ వెచ్చటి ఇంట్లోకి ఒక్కసారి దూరాయంటే అడ్డూ ఆపూ ఉండదు, తోటంతా ముడుచుకుపోతుంది అన్నాడు.

ఆడవాళ్ళు తాళి తీసిపెట్టమన్నట్టు చూశారు. చంద్రకాంతమ్మ అయితే, "పూలు తీసి చేసే పని నాకొద్దు, పోయి రాళ్ళు కొట్టుకుంటా" అని ఇంటికి వెళ్ళిపోయింది కూడా. ఆమెను వెనక్కి తెచ్చింది షబ్రీన్.

షబ్రీన్ చంద్రగిరి పిల్ల. తల్లి రంజాన్‌బీ పూలు కట్టి తిరుచానూరు గుడి ముందు అమ్ముకునేవాళ్ళకు పంపుతుంది. తండ్రి జానీ బాషా కుట్టుమిషను తొక్కీ తొక్కీ నడుము పడిపోయి మంచం పట్టాక, ఇంటర్ చదివి ఆపేసిన ఈ పిల్లే ఇంటికి ఆధారమైంది. పూలవాళ్ళింటి పిల్ల కాబట్టి పూలను ఎట్లా దాచాలో ఆమెకు తెలుసు. వెడల్పాటి స్టీలు డబ్బా ఒకటి తెచ్చి, అడుగున తడిగుడ్డ పరిచి, ఎవరి పూలు వాళ్ళకు అరిటాకు ముక్కలో చుట్టి పెట్టేది. సాయంత్రం పనైపోయాక తీసిస్తే పొద్దున పెట్టుకున్న దానికన్నా కళగా ఉండేవి. "చూడు పెద్దమ్మా, నీ పూలు పొద్దంతా ఏసీలో ఉన్నట్టు ఉండాయి" అని నవ్వేది. ఏ దండ ఎవరిదో ముడి చూసి చెప్పేది. అడిగి తీసుకోవడంలో ఆ పిల్లకున్న మర్యాద చూసి ఎవరికీ కాదనబుద్ధి అయ్యేది కాదు. యదునందన్ సంతోషించి తలుపు కాపలా ఆమెకే అప్పజెప్పాడు. రెండో పాలీహౌస్ లేచాక దాని పెత్తనం షబ్రీన్‌దే అని అందరి ముందూ అన్నాడు. ఆ మాట విన్న రోజు షబ్రీన్ కాళ్ళు నేలమీద లేవు.

కార్తీక మాసం వచ్చింది. ఆ యేటి తొలి కోత ఒక శుక్రవారం పెట్టుకున్నారు. చెన్నైకి మొదటి లోడు వెళ్ళాలి. గురవమ్మ మొగుడు చెంగల్రాయుడికి తిరుపతి ఆస్పత్రిలో గుండెకు స్టెంటు వేసేది కూడా ఆ రోజే. మామిడితోపుకు కాపలా ఉండే మనిషి, ఉన్నట్టుండి రొమ్ము పట్టుకుని కూలబడితే కూతురు జయంతి, అల్లుడు ఆటోలో వేసుకుని పోయి చేర్చారు. యదునందన్ ఆమెను సెలవు పెట్టుకోమన్నాడు. మళ్ళీ తనే తల గోక్కుంటూ, "మధ్యాహ్నం దాకా ఉండగలిగితే చాలు గురవమ్మా. కోత నీ చేతిమీదుగా మొదలైతే మిగతావాళ్ళు చూసి నేర్చుకుంటారు. ఆ తర్వాత మన వ్యానే నిన్ను ఆస్పత్రిలో దింపుతుంది" అన్నాడు. జయంతి ఉంది కదా అని ఆమె సరేనంది.

ఆ పొద్దున తలంటుకుని, పెరట్లో పూసిన చామంతులు కోసి, తనే దండ కట్టి, పద్మావతమ్మ పటానికి పెట్టింది. కాసేపటికి అందులోంచి కొంత తుంచి జడ చుట్టులో తురుముకుంది. "నా పసుపుకుంకాలు నీ సేతిలో పెట్టినాను తల్లీ. ఈ పొద్దు ఈ పూలు నా తలమీదే ఉంటాయి" అని మొక్కింది. ఆ మొక్కు ముందుగా అనుకున్నది కాదు. నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక ఇక వెనక్కి తీసుకోవడానికి ఆమెకు భయం వేసింది. మొగుణ్ణి ఆపరేషను బల్ల మీద పడుకోబెట్టే రోజు పెళ్ళాం తలలోంచి పువ్వు తీస్తుందా? ఏ ఆడదైనా తీస్తుందా?

పాలీహౌస్ దాకా కొంగు తలమీద కప్పుకుని వచ్చింది. తలుపుకు కాస్త ఇవతల కొక్కేలకు తగిలించి ఉన్న టోపీ తీసి, గోడవైపు తిరిగి, జడ చుట్టు మొత్తం అందులోకి తోసింది. అప్పుడు తలుపు దగ్గరికి పోయింది.

షబ్రీన్ డబ్బా మూత తీసి పట్టుకుని, "అత్తా, మామ ఎట్లుండాడు?" అని అడిగింది.

"పది గంటలకు లోపలికి తీసకపోతారంట."

"ఏం కాదులే అత్తా. అంతా బాగయితుంది." ఆ పిల్ల డబ్బా ముందుకు చాపింది. "పూలు?"

"పెట్టుకోలేదు మే. ఆయన ఆస్పత్రిలో పండుకోనుంటే నాకు పూలొకటా?" అంది గురవమ్మ.

అనేశాక ఆమెకే తట్టింది. పసుపుకుంకాల కోసం ఆడిన అబద్ధమే ఎంత అశుభంగా ఉందో! షబ్రీన్ ఒక్క క్షణం ఆమె ముఖంకేసి చూసింది. తర్వాత డబ్బా మూత పెట్టి, తలుపు తీసి, "పో అత్తా, జాగ్రత్త" అంది.

మధ్యాహ్నానికల్లా గురవమ్మ ఆస్పత్రిలో ఉంది. ఏ గండమూ లేకుండా గట్టెక్కాడని డాక్టరు చెబితే అక్కడే కూలబడి ఏడ్చింది. జడలో చెయ్యి పెట్టి తడుముకుంది. పూలున్నాయి. వాడి, నలిగి, కొన్ని రాలిపోయినా ఉన్నాయి. ఎక్కడ రాలాయో ఆలోచించేంత తీరిక ఆ రోజు ఆమెకు లేదు.

చెంగల్రాయుడు ఇంటికి వచ్చి, కర్ర పట్టుకుని వాకిట్లో నాలుగడుగులు వేసే సమయానికి తోటలో ఆకులు పైకి ముడుచుకోవడం మొదలైంది. మొదట ఒక వరసలో. అది గురవమ్మ వరస. చిగుళ్ళు దోనెల్లా వంగాయి, పిందెల మీద గోధుమరంగు గీతలు వచ్చాయి. వేలాడదీసిన నీలం జిగురు అట్టలు చూస్తుండగానే నల్లటి చుక్కలతో నిండిపోయాయి. నిపుణుడు చిత్తూరు నుంచి ఆదరాబాదరాగా వచ్చి, అట్టలు చూసి, తల అడ్డంగా ఊపాడు.

ఆ మరుసటి రోజు రాలిన ఆకులు ఏరుతుంటే కొబ్బరిపొట్టు సంచి మీద, మొక్క మొదట్లో, ఎండిపోయిన చామంతి ఒకటి గురవమ్మ కంటపడింది. రెక్కలు నలిగి, రంగు పోయినా పోల్చుకోలేనిది కాదు. ఆమె అటూ ఇటూ చూసింది. చంద్రకాంతమ్మ అవతలి వరసలో ఉంది. గురవమ్మ ఆ పువ్వు తీసి రవికలో దోపుకుంది. ఇంటికి వెళ్ళి పొయ్యిలో వేసింది. రవ్వంత పువ్వు, ఎంతసేపు కాలుతుంది!

మందులు కొట్టారు, లాభం లేకపోయింది. నిండు కాపు మీదున్న తోటను పెరికి, గోతాల్లో కుక్కి, బయట కుప్పేసి తగలబెట్టారు. పెరికిన చేతుల్లో గురవమ్మ చేతులూ ఉన్నాయి. ఎర్రటి కాయలు పొగలో చిట్లుతుంటే యదునందన్ దూరంగా నిలబడి ఫోన్లో చెన్నైవాళ్ళకు సర్దిచెప్పుకుంటున్నాడు. రోజూ సరుకు పంపుతానని మాట ఇచ్చిన మనిషి మొదటి నెలలోనే మాట తప్పాడు. మళ్ళీ నారు పోసి కాపుకు వచ్చేదాకా ఇచ్చేందుకు ఏమీ లేదు.

ఆ సాయంత్రం ఆయన ఆడవాళ్ళందరినీ తలుపు ముందు వరసగా నిలబెట్టాడు. "పురుగు పూలతోనే వచ్చిందంటున్నారు. ఎవరు పెట్టుకుని పోయినారో చెప్పండి. నేను ఏమీ అనను. ఎట్లా వచ్చిందో తెలిస్తే చాలు, ఇంకోసారి జరగకుండా చూసుకుంటాను" అన్నాడు.

ఊరి మేస్త్రీలందరినీ గడగడలాడించిన గురవమ్మ నాలుక ఆ వేళ పైకి లేవలేదు. చెప్పాలనే అనుకుంది. చెబితే పని పోతుంది, పని పోతే మొగుడి మందులెట్లా అనుకుంది. అసలు ఆ పువ్వు వల్లే వచ్చిందని ఎవరు చూశారు అని కూడా అనుకుంది. ఇన్ని అనుకోవడంలో మాట్లాడాల్సిన సమయం దాటిపోయింది.

"తలుపు నా సేతిలో ఉండాది సార్," అని షబ్రీన్ ముందుకు వచ్చింది. "నేను సరిగ్గా చూసుకోలేదు. తప్పు నాది."

"ఎవరి పూలు చూసుకోలేదు?"

"తెలీదు సార్. ఆ పొద్దు కోత హడావిడి. గురవత్త ఒకామె మాత్రం అసలు పూలే పెట్టుకోకుండా వచ్చింది. మిగిలినోళ్ళను నేనే సరిగ్గా చూడలేదు."

యదునందన్ నేల చూస్తూ, "రేపటి నుంచి రావద్దులేమ్మా" అన్నాడు. షబ్రీన్ తలూపి, డబ్బా తెరిచి, ఆ రోజుటి పూలు ఎవరివి వాళ్ళకు పంచింది. ఖాళీ డబ్బా కడిగి బోర్లించింది. గురవమ్మ వైపు చూడకుండానే వెళ్ళిపోయింది. పిచ్చిపిల్ల, అందరి తప్పూ నెత్తిన వేసుకుంది అని ఆడవాళ్ళు దారి పొడుగునా జాలిపడ్డారు. గురవమ్మ వాళ్ళకన్నా ముందు నడిచి ఇంటికి చేరింది.

"ఆ సాయబులమ్మాయిని పనిలోంచి తీసేసినారంట గదా. ఎందుకంట?" అని చెంగల్రాయుడు అడిగాడు.

"నాకేం తెలుసు?" అంది గురవమ్మ.

ఆ తర్వాతి నెలల్లో ఆమె పూలు పెట్టుకోవడం మానేసింది. పెరట్లో చామంతులు పూసి పూసి మొక్క మీదే ఎండిపోయాయి. చెంగల్రాయుడు చూసి చూసి, "నేను బతికే ఉండాను గదే. ఏందీ అవతారం?" అని వేళాకోళం చేశాడు. ఆమె నవ్వలేదు. ఆయన పక్కన కూర్చుని అన్నం తింటున్నప్పుడు, వాకిట్లో నిలబడి ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నప్పుడు, ఈ మనిషి ప్రాణానికి బదులుగా అమ్మవారు ఒక పిల్ల కూడు తీసుకుందా అనిపించేది. వెంటనే లెంపలు వేసుకునేది. అమ్మవారు తీసుకోలేదు, తీసింది తనే. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. దేవుడి మీదికి నెట్టేస్తే కాస్త తేలిగ్గా ఉంటుందని అట్లా అనుకుంది, అంతే.

పాలీహౌస్‌లో కొత్త నారు ఎదిగింది. తలుపు ఉన్న చోట ఇప్పుడు రెండు తలుపుల గది వచ్చింది. ముందు తలుపు దానంతట అదే మూసుకుని, నాలుగు వైపుల నుంచి గాలి ఈడ్చి కొట్టి, ఆ తర్వాతే రెండోది తెరుచుకుంటుంది. పైన ఒక కెమెరా కూడా ఉంది. ఆ గాలికి కొప్పులో ఏది దాచినా ఊడి వస్తుంది కాబట్టి ఆడవాళ్ళు పూలు ఇంట్లోనే పెట్టి వచ్చేవాళ్ళు. స్టీలు డబ్బాలో మొక్కలకు తగిలించే ప్లాస్టిక్ క్లిప్పులు పోశారు. గురవమ్మకు క్లిప్పులు కావలసి వచ్చినప్పుడల్లా పక్కామెను తెచ్చిపెట్టమనేది.

మాఘం వెళ్ళాక ఒక రోజు, పలమనేరు వైపు నుంచి టమోటా రైతులు బస్సు కట్టుకుని చూడటానికి వచ్చారు. వాళ్ళ పంట కొన్నాళ్ళు రోడ్డు మీద పారబోసేంత పండుతుంది, కొన్నాళ్ళు మచ్చుకైనా దొరకదు. రోజూ ఒక్కలాగే కాయించడం ఎట్లాగో తెలుసుకుందామని వచ్చారు. యదునందన్ గాలి గదీ, నీటి గొట్టాలూ అన్నీ చూపించాడు. చివర్న గురవమ్మను పిలిచి వాళ్ళ ముందు నిలబెట్టాడు.

"యంత్రాలు ఎన్ని పెట్టినా మనిషిలో క్రమశిక్షణ ముఖ్యం. పోయినసారి పురుగు పడి తోటంతా పోయింది. పూలు పెట్టుకుని ఎవరో లోపలికి పోయినారు. ఈ గురవమ్మను చూడండి. అదే రోజు ఈమె భర్తకు గుండె ఆపరేషన్. ఆడవాళ్ళకు ఎంత సెంటిమెంటు ఉంటుందో మీకు తెలుసు. అయినా ఒక్క పువ్వు పెట్టుకోకుండా వచ్చి పని చేసింది. ఇట్లాంటివాళ్ళు నలుగురుంటే చాలు" అన్నాడు.

రైతులు ఆమెను మెచ్చుకోలుగా చూశారు. ఒక పెద్దాయన చేతులు జోడించాడు కూడా. ఆ మాట యదునందన్‌కు ఎవరు చెప్పారో ఆమెకు గుర్తుంది. తను ఆడిన అబద్ధం ఆ పిల్ల నోట సాక్ష్యమై, ఇప్పుడు సన్మానమై తిరిగి తన మెడలోనే పడింది.

బస్సు కదిలి వెళ్ళేదాకా ఆగింది. అప్పుడు పోయి ఆయన ఎదురుగా నిలబడింది.

"సామీ, ఆ పొద్దు నా తలలో పూలుండాయి. టోపీలో దాసిపెట్టుకోని పోయినాను. నా వరసలో రాలిన పువ్వు నేనే ఏరి పొయ్యిలో ఏసినాను. ఆ పాప తప్పేం లేదు."

యదునందన్ తిడితే బాగుండుననుకుంది. పోయి రాళ్ళు కొట్టుకోమంటే ఇంకా బాగుండును. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, అలసిపోయిన గొంతుతో, "అయిపోయిందిలే గురవమ్మా. ఒక్క పువ్వు వల్లనే అని గట్టిగా ఎవరం చెప్పగలం? ఫ్యాన్ల వైపు వల కూడా చిరిగి ఉన్నింది. ఇంకెవరితోనూ అనవద్దు" అన్నాడు.

"ఆ పాపను మళ్ళీ పిలిపించండి సామీ."

"పిలిచి ఏం పని ఇవ్వను? తలుపు పని మిషను చేస్తా ఉంది. వచ్చే ఏడు కట్టబోయే రెండో పాలీహౌస్‌లో లోపల దీపాలు, గది మొత్తం కంప్యూటర్ చూసుకుంటుంది. ఇద్దరు మనుషులు చాలు. పెత్తనానికి మనిషే అక్కర్లేదు." ఆయన ఆగి, "నీ పనికి ఏం ఢోకా లేదు. నీ వేళ్ళు చేసే పని ఇంకా ఏ మిషనుకూ రాలేదు" అన్నాడు.

ఆయన మంచికే అన్నాడు. ఆమెకు మాత్రం వాతపెట్టినట్టయింది. నోరు తెరవడానికి ఇన్నాళ్ళు పట్టింది. ఈలోగా ఆ పిల్ల కూర్చోవలసిన చోటే లోకంలో లేకుండా పోయింది.

మరుసటి రోజు శుక్రవారం. పనికి పోకుండా గురవమ్మ చంద్రగిరిలో షబ్రీన్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. వసారాలో చాప మీద తల్లీ కూతుళ్ళు ఎదురెదురుగా కూర్చుని పూలు కడుతున్నారు. మధ్యలో చామంతులు కుప్పగా పోసి ఉన్నాయి. లోపల్నుంచి జానీ బాషా దగ్గు వినబడుతోంది.

"రా అత్తా, కూర్చో. మామ ఎట్లుండాడు?" అంది షబ్రీన్. చేతులు ఆగలేదు.

గురవమ్మ నిలబడే ఉంది. "మే, ఆ పొద్దు నేను నీకు అబద్ధం సెప్పినాను. నా తలలో పూలుండాయి" అంది.

"తెలుసత్తా."

గురవమ్మకు అర్థం కాలేదు. "ఏం తెలుసు?"

"టోపీ అంచులో పసుప్పచ్చ రెక్క కనపడతా ఉన్నింది. కనపడకపోయినా తెలుస్తాది. మామను ఆపరేషన్‌కు తీసకపోయే పొద్దు నువ్వు ఉత్త తలతో వస్తావా? మా అమ్మ కట్టిన పూలు ఎట్లాంటోళ్ళు ఎట్లాంటప్పుడు పెట్టుకుంటారో చిన్నప్పట్నుంచి చూస్తా ఉండాను."

"మరి ఆపలేదేం మే నువ్వు?"

"ఎట్ల ఆపేది? తీసియ్యి అత్తా అని నా నోటితో ఎట్ల అనేది?" షబ్రీన్ దారం ముడి వేసి, పళ్ళతో కొరికింది. "తీసుంటే మామకు ఏమన్నా అయ్యుంటే? అందుకే తలుపు తీసినాను. కాబట్టి సార్‌తో తప్పు నాది అని నేను చెప్పింది అబద్ధం కాదు."

రంజాన్‌బీ తల ఎత్తలేదు. ఆమెకూ అంతా తెలుసని గురవమ్మకు అర్థమైంది. ఈ ఇంట్లో అందరికీ తెలుసు. ఇన్నాళ్ళూ తెలుసు. ఎవరూ తన గుమ్మం దాకా వచ్చి అడగలేదు.

"నా పేరు సెప్పుంటే నీ పని పొయ్యేది కాదు గదా బిడ్డా" అంది, కళ్ళనీళ్ళు కారిపోతుంటే.

"నేను చెప్పేదెందుకత్తా?" షబ్రీన్ మొదటిసారి చేతులు ఆపింది. గొంతులో కోపం లేదు. "అందరం వరసగా నిలబడినప్పుడు, నువ్వే చెప్తావని రవ్వంతసేపు చూసినాను. అంతే."

గురవమ్మ సార్‌కు చెప్పేసి వచ్చానని, పని అడిగానని చెబుదామనుకుని వచ్చింది. ఆ మాటలన్నీ నోట్లోనే అణగిపోయాయి. షబ్రీన్ అప్పుడే కట్టిన దండలోంచి మూరెడు తెంపి, లేచి వచ్చి, ఆమె వెనక నిలబడింది.

"శుక్రవారం పొద్దు ఉత్త తలతో తిరగొద్దు అత్తా. పెట్టుకో. ఈడ డబ్బా ఏం లేదు."

గురవమ్మ వద్దనలేకపోయింది. తల వంచింది. పిల్ల తన చేత్తోనే జడలో తురిమి, పిన్ను గుచ్చింది.

ఇంటికి వచ్చేదారిలో ఆమె చెయ్యి పదే పదే పూల మీదికి పోయింది. తీసేయడానికి ధైర్యం చాలలేదు. ఉంచుకోవడానికి అర్హత లేదని తెలుసు. సందకాడ పొయ్యి రాజేస్తుంటే చెంగల్రాయుడు వాకిట్లోంచి చూసి ముఖం విప్పార్చుకున్నాడు.

"ఇన్నాళ్ళకు పూలు పెట్టినావే! యాడివి?"

"షబ్రీన్ పెట్టింది."

"అబ్బా, మంచి పాప. నేను ఆస్పత్రిలో ఉన్నెప్పుడు రోజూ నీకు ఫోన్ చేసి అడుగుతా ఉన్నింది గదా. మళ్ళీ పనిలోకి పిలిసినారా?"

"లేదు."

"అంత మంచి పాపను ఎందుకు తీసేసినారో ఎవురికీ తెలీకపాయె" అని ఆయన తనలో తను అనుకున్నట్టుగా అన్నాడు.

గురవమ్మ పొయ్యిలో కట్టె వెనక్కి లాగింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆయన ఎదురుగా నేలమీద కూర్చుంది.

"నాకు తెలుసు" అంది.